బీడీ మానేశాక దగ్గు ఎక్కువైంది, మళ్లీ తాగమంటారా?

తాడిపత్రి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాయనకు 52 ఏళ్లు. బండల పాలిష్ యూనిట్‌లో పని. ఇరవై ఏళ్ల వయసు నుంచి రోజుకు కట్టన్నర బీడీలు. మనవరాలు పుట్టిందని పట్టుదలగా మానేశాడు. మానేసి పదకొండు రోజులు. దగ్గు తగ్గుతుందనుకుంటే రెట్టింపైంది, తెమడ బూడిద రంగులో పడుతోంది. "చూసినావా, తాగేటప్పుడే బాగుండె" అంటున్నాడట. ఎక్స్‌రే తీయిస్తే బాగుందన్నారు. కరోనా అప్పుడు కొన్న, రక్తంలో ఆక్సిజన్ చూసే వేలి మిషన్‌లో 97 చూపిస్తోంది. ఊపిరితిత్తులు ఇంత బాగున్నప్పుడు మానడం దేనికి, మానితేనే జబ్బు వచ్చేట్టుంది అని ఆయన వాదన. కొడుకుకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

తమ్ముడూ, మళ్లీ తాగనివ్వొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

నేను డాక్టర్‌ని కాను. కర్నూలులో ఒక ఆసుపత్రి ఛాతీ విభాగంలో 26 ఏళ్లు ఊపిరి పరీక్షలు చేసిన టెక్నీషియన్‌ని. స్పైరోమెట్రీ అంటారు ఆ పరీక్షను. గొట్టం నోట్లో పెట్టించి "ఊదు నాయనా, ఊదు, ఆపొద్దు, ఇంకా ఊదు" అని వెంటబడి ఊదించే పని. బేతంచెర్ల నాపరాయి గనుల వాళ్లు, ఆదోని జిన్నింగ్ మిల్లుల వాళ్లు, ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల వాళ్లు, లారీ డ్రైవర్లు, కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా గడిపిన అవ్వలు, అందరూ నా ముందు కూర్చుని ఊదినవాళ్లే. మందుల సంగతి డాక్టర్ చెప్పాలి. ఊపిరి ఎట్లా తరిగిపోతుందో మాత్రం నేను కళ్లారా చూశాను.

ముందు దగ్గు సంగతి. మన గాలిగొట్టాల లోపలి గోడ మీద కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది. జొన్నచేను గాలికి ఊగినట్టు అది సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ ఉంటుంది, అదీ పైకే. దాని మీద పల్చటి జిగురు పొర. పీల్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. నూగు వాటిని మెల్లగా గొంతు దాకా నెట్టుకొస్తే, మనకు తెలియకుండానే మింగేస్తాం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ తెమడ తయారవుతుంది. ఊడ్చే పని సవ్యంగా సాగుతుంది కాబట్టి బయటికి కనపడదు, అంతే.

బీడీ పొగ తగిలితే ఆ నూగు మొద్దుబారుతుంది. ఏళ్ల తరబడి తగిలితే పొట్టిబడుతుంది, అక్కడక్కడ రాలిపోతుంది. ఇంకోపక్క పొగ మంటకు జిగురు ఊరే గ్రంథులు ఉబ్బి మామూలు కన్నా ఎక్కువ ఊరుతాయి. ఊరేది ఎక్కువ, ఊడ్చే దిక్కు లేదు. ఇక మిగిలిన దారి దగ్గడమే. ఏడాదికి మూడు నెలల చొప్పున వరుసగా రెండేళ్లు తెమడతో దగ్గు ఉంటే, వేరే కారణం లేకపోతే, దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. మన దగ్గర దానికి "బీడీ దగ్గు, మామూలే" అని పేరు పెట్టి వదిలేస్తాం.

"పొద్దున్నే ఒక బీడీ పడితేనే దగ్గు సర్దుకుంటుంది" అన్న మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. అది అబద్ధం కూడా కాదు. రాత్రి పడుకున్న ఆరేడు గంటలు పొగ లేదు కదా, నూగు కొంచెం తేరుకుని పని మొదలుపెడుతుంది, తెల్లారేసరికి తెమడ పైకి వస్తుంది, దగ్గు వస్తుంది. మొదటి బీడీ వెలిగించగానే నూగు మళ్లీ పడిపోతుంది. దగ్గు ఆగిందంటే ఊడ్చేవాళ్లను కొట్టి పడుకోబెట్టాం అన్నమాట. చెత్త లోపలే ఉండిపోయింది.

మీ నాయనకు ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగబడి ఉంది. పదకొండు రోజులుగా ఎవరూ కొట్టడం లేదు కాబట్టి నూగు లేచి, లోపల నిలిచిపోయినదాన్ని పైకి తోస్తోంది. మానినవాళ్లలో కొంతమందికి మొదటి వారాల్లో ఇట్లాగే ఉంటుంది. దగ్గు, ఆయాసం తగ్గడం ఒకటి నుంచి తొమ్మిది నెలల మధ్య జరుగుతుంది, ఒక్కరోజులో కాదు. గోరువెచ్చని నీళ్లు తరచుగా తాగించు. తెమడ వస్తుంటే ఉమ్మేయనివ్వు. దగ్గు ఆపే సిరప్ డాక్టర్‌ను అడగకుండా పోయొద్దు, బయటికి రావలసినదాన్ని అది ఆపుతుంది.

కానీ ఒక జాగ్రత్త, ఇది తప్పనిసరి. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పొగ తాగేవాళ్లకు టీబీ వచ్చే అవకాశం తాగనివాళ్ల కన్నా ఎక్కువ. "బీడీ దగ్గులే" అనుకుంటూ నెలల తరబడి టీబీని మోసుకుతిరిగి, ఇంట్లో పసిబిడ్డకు అంటించినవాళ్లు నాకు తెలుసు. మీ ఇంట్లోనూ పసిబిడ్డ ఉంది. తెమడలో ఎర్రటి చార కనపడినా, ఊరికే బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా సరిగా కాకపోయినా ఇంకో రోజు ఆగొద్దు. పొగ తాగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఇట్లాగే మొదలుకావచ్చు.

ఇక ఎక్స్‌రే. ఎక్స్‌రే అనేది నీడ పటం. గడ్డ ఉంటే, నీరు చేరితే, నిమ్ము ఉంటే, టీబీ మచ్చ ఉంటే కనపడుతుంది. గాలి ఎంత వేగంగా బయటికి పోతోందో అందులో కనపడదు. పొగ మొదట దెబ్బకొట్టేది రెండు మిల్లీమీటర్ల లోపు వెడల్పున్న సన్న గొట్టాలను. అవి ఎన్ని ఉంటాయంటే, వాటిలో చాలా భాగం పాడైనా మిగిలినవి బండి లాగుతాయి. మనిషికి తెలియదు, ఎక్స్‌రేలో తెలియదు. "ఎక్స్‌రే నార్మల్" అన్న కాగితం చేతిలో పట్టుకుని వచ్చి, నా ముందు మూడు సెకన్లు ఊదలేక కూలబడినవాళ్లు ఉన్నారు.

వేలి మిషన్ మాట. మామూలుగా కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ చాలాకాలం బాగానే ఉంటుంది, జబ్బు బాగా ముదిరాకే పడుతుంది. పైగా పొగ తాగే మనిషి విషయంలో ఆ మిషన్ మోసపోతుంది. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుకున్నది కూడా మిషన్ కంటికి ఆక్సిజన్ లాగే కనపడుతుంది, రెండూ కలిపి 97 అని చూపిస్తుంది. మీ నాయన మానేసి పదకొండు రోజులైంది కాబట్టి ఆ విషవాయువు ఒకటి రెండు రోజుల్లోనే పోయి ఉంటుంది. ఇప్పుడు చూపించే 97 నిజమైన 97. అది మానడం వల్ల వచ్చిన లాభం అని ఆయనకు చెప్పు.

మరి అసలు నష్టం ఎక్కడ జరుగుతుంది? గాలిగొట్టం చెట్టు కొమ్మల్లా రెండుగా, నాలుగుగా, ఇరవైకి పైగా సార్లు చీలి, చివర గాలి బుడగల్లో ముగుస్తుంది. అటువంటి బుడగలు మన రెండు ఊపిరితిత్తుల్లో కలిపి కోట్లలో ఉంటాయి, సుమారు 30 కోట్లు, కొందరిలో ఇంకా ఎక్కువ. వాటి గోడల్లో సాగి మళ్లీ ముడుచుకునే నారలు ఉంటాయి. నులక మంచం గుర్తు తెచ్చుకో. నులక బిగువుగా ఉన్నంతకాలం మంచం మనిషిని పైకి పట్టి ఉంచుతుంది. నాలుగు పోగులు తెగితే ఏమీ కాదు. ఇంకో పది తెగితే మధ్యలో కుంగుతుంది. ఊపిరితిత్తిలో ఆ నారలు చేసే పని రెండు: గాలిని బయటికి నెట్టడం, సన్న గొట్టాలు మూసుకుపోకుండా చుట్టూ లాగిపట్టడం. పొగ వల్ల వచ్చే వాపుతో తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, క్రిములను చంపడానికి ఉన్న రసాన్ని వదులుతాయి. ఆ రసం ఈ నారలను కోసేస్తుంది. బుడగల గోడలు చిరిగి పది చిన్న బుడగలు ఒక పెద్ద సంచి అవుతాయి. దాన్నే ఎంఫిసీమా అంటారు. ఊపిరి వదిలేటప్పుడు లాగిపట్టే నులక లేక సన్న గొట్టాలు మూసుకుపోతాయి, గాలి లోపలే చిక్కుకుంటుంది.

అందుకే ఈ జబ్బులో అసలు ఇబ్బంది పీల్చడంలో కాదు, వదలడంలో ఉంటుంది. పాత గాలి బయటికి పోకపోతే కొత్త గాలికి చోటెక్కడిది? పెదవులు సున్నాలా చుట్టి, ఈల వేసినట్టు మెల్లగా గాలి వదిలే పెద్దవాళ్లను అరుగుల మీద చూసి ఉంటావు. ఎవరూ నేర్పకపోయినా ఒళ్లే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. అట్లా వదిలితే లోపల కొంచెం ఒత్తిడి నిలిచి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. ఆయాసం వచ్చినప్పుడు మీ నాయనకూ అదే నేర్పించు: ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, చుట్టిన పెదవులతో నాలుగు అంకెలసేపు వదలాలి.

"నాకేం ఆయాసం లేదు" అన్న మాటను మాత్రం నేను నమ్మడం మానేశాను. బేతంచెర్ల దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు, 54 ఏళ్లు, గనిలో పని, బీడీ మనిషి. "ఆయాసమా, నాకా? లేదమ్మా" అన్నాడు. వెనక నిలబడిన భార్య ఒక్క మాట అంది: "రెండు ఎండాకాలాల నుంచి మిద్దె మీద పడుకోవడం మానేసినాడు మేడం, మంచం కిందనే వేయమంటాడు." ఆయన ముఖం దించుకున్నాడు. ముక్కుకు క్లిప్ పెట్టి, గొట్టం పెదవులతో బిగించి పట్టమని, నిండా పీల్చి ఊదమన్నాను. తెర మీద గీత పైకి లేచింది, కానీ దిగేటప్పుడు తిన్నగా వాలకుండా లోపలికి గుంటపడింది. బాగున్న ఊపిరితిత్తి మొదటి సెకనులోనే ముప్పావు వంతు గాలిని బయటికి కొట్టేస్తుంది. ఆయనకు తొమ్మిదో సెకనులో కూడా సన్నగా, తాచుపాము బుస లాగా, గాలి వస్తూనే ఉంది. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. మొదటి సెకనులో వచ్చింది 1.2 లీటర్లు. ఆ ఎత్తుకు, ఆ వయసుకు 2.6 దాకా రావాలి. సగానికి సగం పోయినా ఆ మనిషికి తెలియలేదు. తెలియకుండా ఏం చేశాడంటే, ఊపిరికి సరిపడేట్టు బతుకును కత్తిరించుకుంటూ వచ్చాడు. ముందు మిద్దె, తర్వాత తిరునాళ్ల, తర్వాత చేను గట్టు దాకా నడక.

మీ నాయనను "ఆయాసం ఉందా" అని అడగొద్దు. ఏమేం మానేశాడో అడుగు. ఎగువ అహోబిలం చివరిసారి ఎప్పుడు వెళ్లాడు? జతగాళ్లతో నడిచేటప్పుడు వెనకబడుతున్నాడా? నడుస్తూ ఫోన్ మాట్లాడగలడా, నిలబడిపోతాడా? మోకాళ్ల నొప్పి, ఎండ దెబ్బ, తీరిక లేదు అని కారణాలు చెప్తాడు. నిజంగా మోకాళ్లు కావచ్చు. ఊపిరి కూడా కావచ్చు. వెనకటి డాక్టర్లు వెలిగించిన అగ్గిపుల్లను నోటికి ఆరంగుళాల దూరంలో పట్టి, పెదవులు ముడవకుండా నోరు బార్లా తెరిచి ఆర్పమనేవాళ్లు. అది ఆర్పలేకపోతే అనుమానించాలి. ఆర్పినంత మాత్రాన మాత్రం అంతా బాగున్నట్టు కాదు, కొలిపించాల్సిందే.

కొలిస్తే ఏం తెలుస్తుంది? పెద్దయ్యాక అందరికీ ఊపిరి కొంత తగ్గుతూనే వస్తుంది, పొగ తాగనివాళ్లకూ. మొదటి సెకనులో ఊదే గాలి ఏడాదికి 25, 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. పొగ తాగేవాళ్లలో, ముఖ్యంగా పొగ పడని ఒళ్లున్నవాళ్లలో, ఇది దానికి రెట్టింపు, కొందరిలో ఇంకా ఎక్కువ. 1977లో ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు, లండన్‌లో పనిచేసే మగవాళ్లను ఎనిమిదేళ్ల పాటు కొలిచి ఒక గీత గీశారు. మా డిపార్ట్‌మెంట్ గోడ మీద ఉండేది అది. పోయిన ఊపిరి తిరిగి రాదు, కానీ మానేసిన దగ్గర నుంచి తరుగుదల మామూలు మనిషి వేగానికి వస్తుంది అని ఆ గీత చెప్తుంది. తర్వాత అమెరికా, కెనడాల్లో దాదాపు ఆరువేల మందిని 11 ఏళ్లు చూసిన అధ్యయనంలోనూ అదే తేలింది. పూర్తిగా మానేసిన మగవాళ్లకు ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గింది, మాననివాళ్లకు సుమారు 66. మానిన మొదటి ఏడాదైతే సగటున కొద్దిగా పెరిగింది కూడా.

లెక్క వేసి నాయనకు చూపించు. ఇప్పుడు ఆయన మొదటి సెకనులో ఊదే గాలి 2 లీటర్లు అనుకుందాం. మానేసి ఉంటే 15 ఏళ్లకు 450 మిల్లీలీటర్లు తగ్గి ఒకటిన్నర లీటరు మిగులుతుంది. 67 ఏళ్ల వయసులో మనవరాలిని బడికి నడిపించుకుని పోవచ్చు. మళ్లీ మొదలుపెడితే దాదాపు లీటరు పోయి లీటరే మిగులుతుంది. లీటరు మిగిలిన మనుషులను నేను రోజూ చూశాను. చొక్కా తొడుక్కుని ఆగుతారు, బాత్రూమ్‌కు పోయి వచ్చి మంచం పట్టీ పట్టుకుని నిలబడతారు. ఏడాదికి పోయేది 66 మిల్లీలీటర్లే కదా, హోటల్లో ఇచ్చే చిన్న కప్పు టీ అంత. ఆ కొలత చూసి చిన్నదే అనిపిస్తుంది, అందుకే ఎవరూ భయపడరు.

బీడీ గురించి ఒక భ్రమ ఉంది, సిగరెట్ కన్నా మేలు, ఆకు కదా అని. తునికాకు సరిగా కాలదు. రెండు నిమిషాలు పక్కన పెడితే ఆరిపోతుంది, ఆరకుండా ఉంచడానికి పదే పదే, గట్టిగా దమ్ము లాగాలి. ఫిల్టర్ లేదు. పొగాకు తక్కువే ఉన్నా సిగరెట్ కన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ లోపలికి పోతాయి. "రెండే తాగుతా" అన్న బేరానికి కూడా ఒప్పుకోవద్దు. తగ్గించినవాళ్లు ప్రతి దమ్మునూ ఇంకా లోతుగా లాగి, ఆ నికోటిన్‌ను ఎట్లాగో రాబట్టుకుంటారు.

మీ నాయన పని గురించి కూడా చెప్పాలి, దీన్ని తక్కువ చేయొద్దు. రాతి దుమ్ము వేరు, పొగ వేరు అనుకోకూడదు. దుమ్మును ఊడ్చి బయటపడేసేది ఆ నూగే. పొగతో దాన్ని పడుకోబెట్టి, ఎనిమిది గంటలు దుమ్ములో నిలబడితే ఆ దుమ్ము బుడగల దాకా పోయి కూర్చుంటుంది. దుమ్ములో సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, ఉంటే సిలికోసిస్ అనే ఇంకో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అది వచ్చినవాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ. నీళ్లు పోస్తూ కోసే మిషన్ దగ్గర దుమ్ము తక్కువ, పొడిగా కోసే, అంచులు చెక్కే చోట ఎక్కువ. వీలైతే తడి పనికి మారమను. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. డాక్టర్ దగ్గర బీడీ సంగతితో పాటు, ఎన్నేళ్లుగా రాతి పని చేస్తున్నాడో తప్పకుండా చెప్పండి, వాళ్లు అడగకపోయినా.

ఈ వారాలు గట్టెక్కడం ఎట్లా అంటే: మొదటి మూడు నాలుగు రోజుల పెద్ద గండం ఆయన దాటేశాడు. చిరాకు, నిద్ర పట్టకపోవడం మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. కోరిక పుట్టినప్పుడు అది ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపు లేచి నడవాలి, నీళ్లు తాగాలి, సోంపు నమలాలి. టీకొట్టు బల్ల, జతగాడు, అగ్గిపెట్టె మూడూ ఒకచోట కలిసే సమయం ఏదో ఆయనకే తెలుసు, ఒక నెల రోజులు ఆ టీ ఇంట్లోనే ఇవ్వండి. "బీడీ పడకపోతే మోషన్ రాదు" అన్నదీ నిజమైన ఇబ్బందే, పేగుల కదలికకు నికోటిన్ అలవాటు పడి ఉంటుంది. సంగటిలోకి ఆకుకూర పప్పు, పొద్దున్నే రెండు గ్లాసుల వేడినీళ్లు ఉంటే కొన్ని వారాల్లో దారికి వస్తుంది. మరీ కష్టమైతే నికోటిన్ గమ్ ఉంది, వేరే మందులు కూడా ఉన్నాయి, డాక్టర్‌ను అడగండి. ఉచితంగా మాట్లాడే నంబర్ 1800-11-2356, తెలుగులో కూడా మాట్లాడతారు. ఒకవేళ ఎప్పుడైనా ఒక బీడీ తాగేస్తే ఇంట్లో ఎవరూ ఎత్తిపొడవొద్దు. మళ్లీ ఆ సాయంత్రం నుంచే లెక్క మొదలుపెట్టండి.

ఈ వయసులో మానితే ఏం లాభం అంటాడేమో. బ్రిటన్‌లో డాక్టర్లనే 1951 నుంచి 50 ఏళ్లు గమనించి రిచర్డ్ డాల్ బృందం తేల్చింది: జీవితమంతా తాగినవాళ్లకు సగటున పదేళ్ల ఆయుష్షు పోయింది, 50 ఏళ్ల వయసులో మానినవాళ్లు అందులో సుమారు ఆరేళ్లు తిరిగి దక్కించుకున్నారు. మీ నాయన ఆ వయసు మనిషే.

టీబీ లేదని తేలాక అనంతపురంలో గానీ కర్నూలులో గానీ ఛాతీ డాక్టర్‌కు చూపించి స్పైరోమెట్రీ చేయించు. ఈమధ్య గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి, అప్పుడు ఊదించరు. ఆ రోజు కడుపు నిండా తినకుండా, వదులు చొక్కాతో పోవాలి. ఒకసారి ఊదించి, గాలిగొట్టాలు తెరిచే మందు పీల్పించి, పావుగంట ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి ఊదకుండా వచ్చేయొద్దు, ఉబ్బసమా, పొగ వల్ల వచ్చినదా అన్నది పోల్చడానికి డాక్టర్‌కు అది కావాలి. ఇన్‌హేలర్ రాస్తే అలవాటు పడిపోతామని భయపడొద్దు, నోటితో మింగే మాత్ర కన్నా చాలా తక్కువ మందు నేరుగా గొట్టాలకే చేరుతుంది. రిపోర్టులో ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో ఊదిన గాలి, అన్న వరుసలో లీటర్లలో ఒక అంకె ఉంటుంది. దాన్ని తేదీతో సహా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద మీ నాయన చేతనే రాయించు, వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ ఊదించి పక్కనే రెండో అంకె రాయించు.